తుంగభద్రా తీరం నుండి ఏ.సి. గార్డ్స్ దాకా: దక్కనులో హబ్షీలు, వర్ణవివక్ష

వర్ణవివక్ష అనగానే చదువుకున్నవారి దృష్టి అమెరికా మీదికో, దక్షిణాఫ్రికా మీదికో పోతుంది. షికాగో, న్యూయార్కు నగరాల్లోని నల్లవారి వాడలు, వేర్వేరు బడులు, వేర్వేరు బస్సు సీట్లు, తెల్లవారి పేటల్లో నల్లవారికి ఇల్లు దొరకని దుస్థితి - ఇవన్నీ వార్తాపత్రికల ద్వారా తెలుగు పాఠకులకు పరిచితమైన విషయాలే. అక్కడి అన్యాయాన్ని ఖండించడం సులభం, ఎందుకంటే అది సముద్రాల అవతల జరిగినది. ఆఫ్రికా నుండి వచ్చిన ప్రజలు తెలుగుదేశపు నగరాల్లోనూ శతాబ్దాలుగా నివసిస్తున్నారనీ, వారిని చుట్టూ ఉన్న సమాజం ఏ కన్నుతో చూసిందన్న ప్రశ్న ఇక్కడా వేసుకోవలసి ఉందనీ గుర్తించినవారు తక్కువ.

హబ్షీలు, సిద్దీలు అని పిలువబడే ఈ ప్రజల చరిత్రలో తెలంగాణా దక్షిణ ప్రాంతానికి ప్రత్యేకమైన పాత్ర ఉన్నది. కృష్ణా తుంగభద్రల సంగమానికి చేరువలో, ఆ రెండు నదుల నడుమ ఉన్న పట్టణం ఆలంపూర్. ఒక వంక బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు, మరొక వంక షా అలీ పహిల్వాన్ దర్గా గల ఈ ఊరు 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాజ్యంలోని రాయచూరు జిల్లాకు చెందినది. పిమ్మట మహబూబ్‌నగర్ జిల్లాలోను, 2016 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలోను చేరింది. దీనికి దక్షిణాన తుంగభద్ర దాటితే కర్నూలు, ఆ పైన ఆదవాని. ఉత్తరాన కృష్ణ దాటితే వనపర్తి. ఈ మూడు చోట్లా ఆఫ్రికా సంతతి వారి అడుగుజాడలున్నాయి. కర్నూలు, ఆదవానులలో వారు పాలకులు. వనపర్తిలో వారు రాజుగారి అశ్విక భటులు. అక్కడి నుండి హైదరాబాదు నగరానికి పోయి ఒక పేటగా స్థిరపడ్డారు. ఈ ప్రయాణాన్ని వరుసగా పరిశీలిస్తే, రంగు అనేది సమాజంలో ఎక్కడ అడ్డు రాలేదో, ఎక్కడ అడ్డువచ్చిందో స్పష్టంగా కానవస్తుంది.

ఆదర్శం

ఇస్లాం ఈ సమస్యపై తన తీర్పును తొలినాళ్ళలోనే వెలువరించింది. మనుషుల భాషలూ రంగులూ వేరుగా ఉండటం దైవసూచనల్లో ఒకటని దివ్యఖుర్‌ఆన్‌లోని ‘రూమ్’ సూరా బోధిస్తుంది. జాతులూ తెగలూ పరస్పరం గుర్తించుకొనేందుకే గాని గొప్పలు చెప్పుకొనేందుకు కావనీ, దైవభీతి ఒక్కటే గౌరవానికి కొలబద్ద అనీ ‘హుజురాత్’ సూరా తేల్చి చెప్పింది. మక్కాలో హింస భరించరానిదైనప్పుడు, సుమారు క్రీ.శ. 615లో, తొలి ముస్లిములకు ఆశ్రయమిచ్చిన నేల హబషా, అనగా నేటి ఇథియోపియా ప్రాంతం. ముస్లిముల తొలి వలస నల్లవారి దేశానికి, వారి రాజు నీడకు జరిగిందన్న సంగతి మరువరానిది.

హజ్రత్ బిలాల్ (రజి) హబషా సంతతివాడు, బానిసత్వం నుండి విముక్తుడైనవాడు. మదీనాలో అజాన్ పలికే గౌరవం ఆయనకు దక్కింది. హబషాకు చెందిన ఉమ్మె ఐమన్ (రజి) కుమారుడైన ఉసామా (రజి)ను, ఇరవై ఏళ్ళయినా నిండని వయస్సులో, పెద్ద పెద్ద సహాబీలు ఉన్న సైన్యానికి దైవప్రవక్త (స) నాయకునిగా నియమించారు. హజ్రత్ అబూజర్ (రజి) ఒకనాడు కోపంలో ఒక వ్యక్తిని అతని తల్లిని ఎత్తి చూపి దెప్పినపుడు, నీలో ఇంకా అజ్ఞానకాలపు వాసన మిగిలి ఉన్నదని ప్రవక్త (స) మందలించిన సంఘటన హదీసు గ్రంథాల్లో నమోదై ఉన్నది. ఆ దెప్పుడుకు గురైనవాడు బిలాలే (రజి) అని కొన్ని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. ఈ సంఘటనలో గమనించవలసిన అంశం ఒకటున్నది. అబూజర్ (రజి) అగ్రశ్రేణి సహాబీలలో ఒకరు. అంతటివారి నాలుక మీద కూడా ఆ పాత అలవాటు నిలిచి ఉండగలిగిందంటే, విశ్వాసం స్వీకరించినంత మాత్రాన ఈ జాడ్యం తనంత తానుగా పోదని, దానిని గుర్తించి పనిగట్టుకొని తొలగించుకోవలసి ఉంటుందని తేలుతున్నది.

తరువాతి శతాబ్దాల చరిత్ర ఈ హెచ్చరికను నిజం చేసింది. అబ్బాసీల కాలంలో దక్షిణ ఇరాక్‌లోని ఉప్పు నేలలను బాగుచేసే వెట్టిపనిలో నలిగిన తూర్పు ఆఫ్రికా బానిసలు 869లో తిరగబడ్డారు. జంజ్ తిరుగుబాటుగా పేరొందిన ఆ పోరాటం 883 వరకు సాగింది. అదే శతాబ్దంలో బస్రా వాసియైన అల్ జాహిజ్ నల్లవారి ఔన్నత్యాన్ని చాటుతూ ఒక ప్రత్యేక గ్రంథం రచించాడు. పన్నెండవ శతాబ్దంలో బాగ్దాదు పండితుడు ఇబ్నుల్ జౌజీ కూడా నల్లవారి, హబషావారి ఘనతను గూర్చి గ్రంథం వెలువరించాడు. నల్లవారిని చిన్నచూపు చూసేవారు లేకపోయినట్లయితే అటువంటి గ్రంథాల అవసరమే కలిగేది కాదు.

దక్కను దర్బారులు

హబ్షీ అనే మాట హబషా నుండి వచ్చింది. సిద్ది అనే మాటకు మూలం ‘సయ్యిదీ’ అనే అరబీ పదమనీ, దానికి ‘నా ప్రభువా’ అని అర్థమనీ పలువురు పండితుల అభిప్రాయం. తూర్పు ఆఫ్రికా తీరం నుండి, ఎర్రసముద్రపు రేవుల నుండి అరబ్బు వర్తకుల ఓడల మీద పడమటి తీరానికి చేరిన ఈ బానిసలు దక్కను సుల్తానుల కొలువుల్లో సైనికులైనారు. అట్లాంటిక్ సముద్రం దాటి అమెరికాకు తరలింపబడిన బానిసలకు చెరకు తోటలూ పత్తి చేలూ రాసిపెట్టి ఉండగా, దక్కనుకు వచ్చినవారికి చేతికి కత్తీ, కింద గుర్రమూ లభించాయి. ఈ తేడా చాలా పెద్దది. యజమాని చనిపోయిన పిమ్మట స్వతంత్రుడై, తానే సైన్యాన్ని కూర్చుకొని, జాగీరు సంపాదించుకొన్న హబ్షీలు దక్కను చరిత్రలో అనేకులు కలరు.

అయినప్పటికీ రంగు ప్రసక్తి లేకపోలేదు. 1347లో స్థాపితమైన బహమనీ రాజ్యంలో కాలక్రమాన రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఇరాన్, ఇరాక్, తూరాన్ ప్రాంతాల నుండి కొత్తగా వచ్చిన ఆఫాఖీలు ఒక పక్షం, ఉత్తరాది నుండి పూర్వమే వచ్చి స్థిరపడిన దక్కనీలు మరొక పక్షం. హబ్షీలు కూడా విదేశాల నుండి వచ్చినవారే. నియమం ప్రకారం వారు ఆఫాఖీలలో చేరవలసి ఉన్నది. కాని వారు దక్కనీల పక్షాన నిలిచారు. పారసీ భాష, తెల్లని మేనిచాయ, వంశగౌరవం తమ సొత్తుగా భావించిన ఆఫాఖీల మధ్య వారికి చోటు లభించకపోవడమే దీనికి ఒక ముఖ్య కారణం. ఈ పక్షపోరాటమే చివరకు 1481లో మహామంత్రి మహమూద్ గవాన్ ప్రాణం తీసింది. ఆయన ముద్రను భద్రపరచే హబ్షీ సేవకుణ్ణి లోబరచుకొని ప్రత్యర్థులు దొంగలేఖ సృష్టించారు. ఒక రాజ్యపు సేవకులు జాతుల వారీగా చీలితే దాని ఫలితం రాజ్యనాశనమే అనడానికి బీదరు చరిత్ర చాలును. గవాన్ మరణించిన కొద్ది దశాబ్దాలలోనే బహమనీ రాజ్యం ముక్కలైంది.

మలిక్ అంబర్ జీవితం ఈ చిత్రాన్ని మరింత స్పష్టం చేస్తుంది. సుమారు 1548లో ఇథియోపియాలో జన్మించి, బాల్యంలోనే బానిసగా అమ్ముడుపోయి, చేతులు మారుతూ అహ్మద్‌నగర్ చేరిన ఈ వ్యక్తిని కొన్న మంత్రి చంగేజ్ ఖాన్ కూడా హబ్షీయే. 1600 నుండి 1626లో మరణించేవరకు అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యానికి దిక్కై నిలిచి మొగలు సైన్యాలను ఎదిరించాడు. ఔరంగాబాదుకు మూలమైన ఖడ్కీ పట్టణాన్ని 1610లో స్థాపించి, దానికి నేలమాళిగ కాలువల ద్వారా మంచినీరు పారించాడు. ఆయన భూమిశిస్తు విధానాన్ని పరిశోధకులు నేటికీ మెచ్చుకుంటారు. అంతటివానిని గెలవలేకపోయిన జహాంగీరు తన స్వీయచరిత్రలో అతని నల్లరంగును ఎత్తి పదే పదే దూషించాడు. అంతేకాదు, కొయ్యకు గుచ్చిన అంబర్ నల్లని తలను తాను బాణంతో కొడుతున్నట్లు చిత్రకారుడు అబుల్ హసన్ చేత సుమారు 1616లో బొమ్మ గీయించుకొన్నాడు. యుద్ధరంగంలో తీరని కోరిక కాగితం మీద తీరింది! శత్రువును శత్రువుగా దూషించడం రాజులకు సహజమే. కాని దూషించేందుకు అతని మేనిచాయను ఎంచుకోవడం రాజనీతి కాదు, రంగుపట్ల ఏవగింపు.

ఇంటి లోపలి కథ ఇంకా బాధాకరం. అంబర్ తన కుమార్తెను తాను గద్దెనెక్కించిన సుల్తాను రెండవ ముర్తజా నిజాంషాకు ఇచ్చి పెళ్ళి చేశాడు. 1617లో అంబర్‌ను కలుసుకున్న డచ్చి వర్తకుడు వాన్ డెన్ బ్రోక్ రాసిపెట్టిన ప్రకారం, సుల్తాను మరొక భార్యయైన పారసీక వనిత ఈమెను నల్ల బానిస అని నిందించింది. ఆ మాట తండ్రి చెవిన పడింది. ఫలితంగా సుల్తాను, ఆ రాణి కూడా విషప్రయోగానికి గురైనారని ఆ వర్తకుని కథనం. ఈ ప్రతీకారాన్ని ఎవరూ సమర్థించరు. అయితే రాజ్యమంతా ఎవని గుప్పిట ఉన్నదో, అతని కూతురికే అంతఃపురంలో ఆ మాట తప్పలేదన్నది ఇక్కడ గమనార్హం.

కర్నూలు, ఆదవాని

బీజాపూరు రాజ్యంలో దిలావర్ ఖాన్, ఇఖ్లాస్ ఖాన్ వంటి హబ్షీలు ప్రధానులుగా పనిచేశారు. ఆలంపూర్‌కు ఎదుటి ఒడ్డున ఉన్న కర్నూలు కూడా ఆ కాలంలో ఒక హబ్షీ చేతిలోకి వచ్చింది. కర్నూలు జాగీర్దారు మలిక్ అబ్దుల్ వహాబ్ వద్ద బానిసగా ఉండిన సిద్ది జౌహర్, యజమాని మరణానంతరం వారసుణ్ణి పక్కకు నెట్టి ఆ జాగీరును ఆక్రమించుకొన్నాడు. బీజాపూరు సుల్తాను రెండవ అలీ ఆదిల్‌షా చివరకు అతనికి సలాబత్ ఖాన్ అనే బిరుదునిచ్చి, 1660లో శివాజీ మీదికి పంపాడు. పన్హాళా కోటను నెలల తరబడి ముట్టడించిన సేనాని ఇతడే. జులైలో శివాజీ కోట నుండి తప్పించుకుపోగా, జౌహర్ లంచం తిని వదిలివేశాడని సుల్తాను అనుమానించాడు. ఆ అనుమానం నీడలోనే కొద్దికాలానికి జౌహర్ జీవితం ముగిసింది.

జౌహర్ అల్లుడు సిద్ది మసూద్ ఖాన్ ఆదవాని దుర్గానికి అధిపతి అయ్యాడు. ఆదవానిలో నేటికీ నిలిచి ఉన్న జామా మసీదు ఈయన కట్టించినదే. 1678లో బీజాపూరు రాజ్యానికి వజీరై, కుప్పకూలుతున్న ఆ ప్రభుత్వాన్ని ఐదేళ్ళపాటు మోసి, విసిగి 1683లో ఆదవానికి మరలి వచ్చాడు. 1686లో బీజాపూరు, 1687లో గోలకొండ పతనమైన పిదప ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ 1688లో ఆదవానిని ముట్టడించాడు. మొగలులు ఫిరంగులను మసీదువైపు గురిపెట్టగా, ప్రాణప్రదమైన ఆ కట్టడం కూలిపోవడం చూడలేక మసూద్ ఖాన్ లొంగిపోయాడని స్థానిక కథనం. ఈ ఫిరోజ్ జంగ్ ఎవరో కాదు, హైదరాబాదు తొలి నిజాం అయిన నిజాముల్ ముల్క్ ఆసఫ్ జాకు తండ్రి. అంటే తుంగభద్రా ప్రాంతంలో హబ్షీల ప్రభుత్వం ఏ వంశానికి పూర్వీకుడైనవాని చేతిలో ముగిసిందో, రెండు వందల ఏళ్ళు తిరగకమునుపే హబ్షీలు అదే వంశపు ద్వారం వద్ద అంగరక్షకులుగా నిలబడ్డారన్నమాట.

వనపర్తి నుండి హైదరాబాదుకు

పందొమ్మిదవ శతాబ్దంలో మహబూబ్‌నగర్ ప్రాంతం గద్వాల, వనపర్తి, కొల్లాపూరు వంటి సంస్థానాల నిలయం. ఇవి నిజాముకు కప్పం చెల్లిస్తూ సొంత సైన్యాలను పోషించేవి. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు ఆ శతాబ్దపు మధ్యభాగంలో ఆఫ్రికా జాతి వారితో ఒక అశ్విక దళాన్ని తయారుచేశాడు. ఒక హిందూ రెడ్డి రాజు, ఆఫ్రికా ముస్లిం రౌతులు, తెలుగు పల్లెలు - ఈ మూడింటి కలయిక ఆనాటి దక్కనులో ఎవరికీ వింతగా తోచలేదు. ఈ దళం నిజాము కొలువుకు మారి, ఆఫ్రికన్ కావలరీ గార్డ్స్ అనే పేరుతో ఆయన అంగరక్షక దళమైంది. రాజుగారు దీనిని నిజాముకు కానుకగా సమర్పించాడని హైదరాబాదులో వాడుకలో ఉన్న కథనం.

‘కానుక’ అనే ఈ మాట వద్ద చరిత్ర విద్యార్థి ఒక్క క్షణం ఆగవలసి ఉన్నది. కానుకగా ఇవ్వదగినవి ఏనుగులు, గుర్రాలు, రత్నాలు. మనుషులను కూడా ఆ జాబితాలో చేర్చి చెప్పుకోవడం ఎవరికీ ఎబ్బెట్టుగా తోచకపోవడాన్ని బట్టి, బానిసత్వం చట్టం దృష్టిలో అంతరించిన పిదప కూడా మాటలో ఎంతకాలం బ్రతికి ఉంటుందో గ్రహించవచ్చును.

హైదరాబాదులో మాసాబ్ ట్యాంకు సమీపాన ఈ దళానికి నివాసం ఏర్పడింది. ఏ.సి. గార్డ్స్ అని ఈనాడు పిలువబడే పేట పేరులోని ఆ రెండక్షరాలు ‘ఆఫ్రికన్ కావలరీ’ అన్న మాటలకు పొడి రూపం. ఆ దారిన రోజూ పోయే వేలాదిమందికి ఈ సంగతి తెలియదు. నివాసులు మాత్రం తమ వాడను సిద్ది రిసాలా అంటారు. రిసాలా అంటే అశ్విక దళం. నగరానికి తూర్పున ఉన్న హబ్సిగూడ పేరులోనూ, పాతబస్తీ దిక్కున సిద్ది అంబర్ బజారు పేరులోనూ ఈ జాతి జ్ఞాపకం నిలిచి ఉన్నది. ఊరేగింపుల్లో నిజాము బండి వెంట నడిచే ఎత్తయిన నల్లని రౌతులు నగరవాసులకు ఒక వేడుక. వారి వాద్యమైన మర్ఫా, హజ్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల వాద్యంతో కలిసి, హైదరాబాదు పెళ్ళిళ్ళలో విడదీయరాని భాగమైపోయింది. వరుడు హిందువైనా ముస్లిమైనా బరాతు ముందు మర్ఫా మోగవలసిందే.

అమెరికా నగరాలతో పోలిక

ఇక్కడ అమెరికాతో పోల్చి చూడటం ఉపయోగకరం. అక్కడ 1865లో బానిసత్వం రద్దయింది. కాని 1896లో సుప్రీంకోర్టు, వసతులు సమానమైతే వేరుగా ఉంచడం తప్పుకాదని తీర్పునిచ్చి వివక్షకు చట్టబద్ధత కల్పించింది. 1910లో బాల్టిమోరు నగరం ఏ వీధిలో ఏ రంగువారు నివసించాలో నిర్ణయిస్తూ శాసనం చేసింది. అటువంటి శాసనాలు చెల్లవని 1917లో కోర్టు ప్రకటించగా, ఇళ్ళ దస్తావేజుల్లోనే నల్లవారికి అమ్మరాదన్న షరతులు రాసుకోసాగారు. 1930ల్లో ఒక ప్రభుత్వ సంస్థ నగరాల పటాలు తయారుచేసి, నల్లవారు నివసించే పేటలను ఎర్రరంగుతో గుర్తించింది. ఆ పేటలవారికి ఇంటి అప్పులు దొరకడం గగనమైంది. దక్షిణ రాష్ట్రాల నుండి 1910కి, 1970కి మధ్య సుమారు 60 లక్షల మంది నల్లవారు ఉత్తరాది, పడమటి నగరాలకు వలసపోయి ఈ గిరిగీసిన వాడల్లోనే కిక్కిరిసి బ్రతికారు. దస్తావేజుల షరతులను కోర్టులు అమలుపరచరాదని 1948లో తీర్పు వెలువడింది. 1964లో పౌరహక్కుల చట్టం, 1968లో గృహవసతి చట్టం వచ్చాయి.

హైదరాబాదులో ఇటువంటి శాసనం ఏనాడూ లేదు. సిద్ది రిసాలా ఒక సైనిక వసతి. అది వెలివాడ కాదు. మసీదులో సిద్ది పక్కన నవాబు నిలబడి నమాజు చేయడానికి ఏ చట్టమూ అడ్డురాలేదు. అమెరికాలో నల్లవారికీ తెల్లవారికీ చర్చీలు కూడా వేరైపోయాయన్న సంగతి గుర్తుంచుకుంటే ఇది సామాన్యమైన తేడా కాదు. 1964లో హజ్ యాత్ర చేసిన అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్‌ను కదిలించినది ఈ తేడాయే. అన్ని రంగులవారూ ఒకే పళ్ళెంలో భుజించడం చూసి, తెల్లవారందరూ పుట్టుకతోనే దుష్టులన్న తన వాదాన్ని ఆయన విడిచిపెట్టాడు. అయితే నిశితదృష్టి గల ఆ మనిషి మరొక విషయం కూడా గమనించి రాసుకొన్నాడు: బలవంతం లేకపోయినా, హజ్‌లో సైతం ఒకే రంగు, ఒకే పోలిక గలవారు తమలో తాము గుంపుగా చేరడం ఆయన కంటబడింది.

ఈ రెండవ పరిశీలన దక్కనుకు సరిగ్గా వర్తిస్తుంది. చట్టం గీసిన గీతను కోర్టు చెరిపివేయగలదు. అలవాటు గీసిన గీత ఏ పటంలోనూ కానరాదు, కనుక దాన్ని చెరపడానికి ఎవరూ పూనుకోరు.

మాటలో, పెళ్ళిలో

ఆ గీత మొదట మాటలో కానవస్తుంది. హబ్షీ అన్నది ఒక దేశవాసిని తెలిపే మాట. కాని హైదరాబాదు ఉర్దూలో అది నల్లనివానికి, మోటువానికి పెట్టే పేరుగా దిగజారింది. తన బిడ్డ ఎండలో ఆడి వస్తే ‘హబ్షీ అయిపోయావు’ అని మందలించే తల్లి ఎవరినీ ద్వేషించడం లేదు. కాని ఆ మాట సిద్ది బాలుని చెవిన పడినపుడు దానికి వేరే అర్థం ఉంటుంది. ఇంకొక విచిత్రం: సిద్ది, సయ్యద్ - ఈ రెండు మాటలూ ఒకే అరబీ మూలం నుండి పుట్టాయి. రెండింటా ఉన్నది ‘ప్రభువు’ అన్న భావమే. ఒకటి సంఘంలో అగ్రస్థానానికి గుర్తయింది. రెండవది అట్టడుగుకు గుర్తయింది. పదంలో లేని తేడాను సంఘం సృష్టించింది.

రెండవది పెళ్ళి. సంబంధం మాట్లాడేటప్పుడు అమ్మాయి ‘సాఫ్ రంగు’దా అని అడగడం తెలుగు ముస్లిం కుటుంబాల్లో గాని, వారి హిందూ పొరుగువారిలో గాని అరుదు కాదు. నల్లపిల్ల తండ్రి ఎక్కువ కట్నం సమకూర్చుకోవలసి రావడం బహిరంగ రహస్యం. సిద్దీల విషయంలో ఈ అడ్డంకి రెట్టింపు. దీనికి సమర్థనగా కొందరు ‘కుఫూ’ సూత్రాన్ని ముందుకు తెస్తారు. వధూవరుల మధ్య సమస్థాయి ఉండాలన్న ఈ సూత్రం హనఫీ ఫిఖ్హ్‌లో ఉన్నమాట నిజమే. వంశం, ధార్మికత, స్వాతంత్య్రం, ఆస్తి, వృత్తి వంటివి అందులో పరిగణింపబడ్డాయి. కాని ఆ జాబితాలో మేనిచాయ లేదు. పైగా అది వధువు పక్షానికి కల్పించిన రక్షణే గాని, అసమానుల వివాహాన్ని హరాం చేసే నిషేధం కాదు. ఇమామ్ మాలిక్, సుఫియాన్ సౌరీ వంటి మహాపండితులు ధార్మికతనే ప్రధాన కొలబద్దగా భావించారు. హజ్రత్ బిలాల్ (రజి)కు ఖురైషు ప్రముఖుడు అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) సోదరి భార్య అయినట్లు ఉల్లేఖనం ఉన్నది. ఈ ఉదాహరణ ఉపన్యాసాల్లో తరచు వినిపిస్తుంది. నిఖా వేదిక మీద దాని ప్రభావం మాత్రం స్వల్పం.

1948 తరువాత

1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సైన్యం లొంగిపోయింది. రాజ్యం భారత యూనియన్‌లో విలీనమైంది. నిజాము సేనలతోపాటు ఆఫ్రికన్ కావలరీ గార్డ్స్ కూడా రద్దయింది. తరతరాలుగా గుర్రపు స్వారీ, కత్తిసాము తప్ప మరొక విద్య ఎరుగని కుటుంబాలు ఒక్కసారిగా వీధిన పడ్డాయి. భూములు లేవు. చదువు అంతంతమాత్రం. వాహనాలు నడపడం, కాపలా ఉద్యోగాలు, చిన్నపాటి నౌకరీలు, పెళ్ళిళ్ళలో మర్ఫా వాయించడం బ్రతుకుతెరువులైనాయి. నిజాము వద్ద పనిచేసిన జమీందార్లకూ, జాగీర్దార్లకూ నష్టపరిహారాల లెక్కలు తేలాయి. రౌతుకు మాత్రం గుర్రమూ పోయింది, కొలువూ పోయింది. అదే తరుణంలో వనపర్తి వంశీకుడైన జె. రామేశ్వరరావు స్వతంత్ర భారతదేశపు దౌత్య ప్రతినిధిగా ఆఫ్రికా ఖండంలో పనిచేసి, ఆ తరువాత మహబూబ్‌నగర్ ప్రాంతం నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. ముత్తాతల నాడు ఆఫ్రికా మనుషులు వనపర్తికి రాగా, ఇప్పుడు వనపర్తి మనిషి ఆఫ్రికాకు సమాన హోదాలో వెళ్ళాడు. కాలం తెచ్చిన ఈ మార్పు మెచ్చుకోదగినదే. సిద్ది రిసాలా బ్రతుకు మాత్రం ఆ వేగంతో మారలేదు.

గుజరాత్‌లోని కొన్ని జిల్లాల సిద్దీలకు షెడ్యూల్డు తెగగా గుర్తింపు 1956 నుండి ఉన్నది. కర్ణాటకలో ఉత్తర కన్నడ ప్రాంతపు సిద్దీలకు 2003లో ఆ గుర్తింపు లభించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో చేసిన చట్టం ముస్లిములలో వెనుకబడిన 14 వర్గాలను బి.సి. ‘ఇ’ విభాగంగా గుర్తించి, విద్యా ఉద్యోగాలలో 4 శాతం కేటాయించింది. ఆ జాబితాలో ‘సిద్ది, యాబా, హబ్షీ, జాసీ’ అన్న పేర్లు ఒక వర్గంగా చేరాయి. ఆ చట్టాన్ని హైకోర్టు 2010 ఫిబ్రవరిలో కొట్టివేయగా, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. ఈ చట్టం నుండి సయ్యద్, మొఘల్, పఠాన్, అరబ్ వర్గాలు మినహాయింపబడ్డాయి. నిజాము సైన్యంలో పక్కపక్కన నడిచిన అరబ్బు, హబ్షీ ఇద్దరూ ఈ జాబితాకు చెరొక వైపున తేలడం ఆలోచించదగిన విషయం. ఏ ఒక్కరి దుర్బుద్ధి వల్లనో ఇది జరగలేదు. శతాబ్దాల సామాజిక మర్యాద ఒకరిని మీదికీ ఒకరిని కిందికీ తోసిందనడానికి ప్రభుత్వ పత్రమే సాక్ష్యమైంది.

వర్తమానం అడిగే ప్రశ్న

ఇటీవలి దశాబ్దాలలో చదువుల కోసం నైజీరియా, సూడాన్, సోమాలియా, టాంజానియా వంటి దేశాల యువకులు హైదరాబాదుకు వస్తున్నారు. వారిలో చాలామంది ముస్లిములే. వారికి ఇల్లు అద్దెకివ్వడానికి నిరాకరించే యజమానులలోనూ అన్ని మతాలవారూ ఉన్నారు. 2016 మేలో ఢిల్లీలో కాంగో దేశీయుడైన ఒక ఉపాధ్యాయుడు దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. కొద్దిరోజులకే హైదరాబాదులో వాహనం నిలిపే చోటు గురించిన తగాదాలో ఒక నైజీరియా విద్యార్థిని ఇనుపకడ్డీతో కొట్టారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో హైదరాబాదు నుండి వెళ్ళిన ఒక ఇంజనీరును ఒక తెల్లవాడు, మా దేశం విడిచిపొమ్మని అరుస్తూ కాల్చిచంపాడు. ఈ మూడవ సంఘటన తెలుగునాట ప్రతి ఇంటినీ కదిలించింది. కదిలించడం న్యాయమే. మొదటి రెండు సంఘటనలకు అంతటి కదలిక ఎందుకు రాలేదన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

దక్కను హబ్షీల చరిత్ర రెండు నిజాలను ఒకేసారి చెబుతున్నది. బానిసగా వచ్చినవాడు సేనాని, వజీరు, దుర్గాధిపతి కాగలిగిన సమాజం ఒకప్పుడు ఇక్కడ ఉండినది. ఆ కాలపు అమెరికాలో అది ఊహకు కూడా అందని విషయం. ఇది మొదటి నిజం. సిద్ది మసూద్ వజీరైనంత మాత్రాన నల్లరంగుకు మర్యాద రాలేదు, మలిక్ అంబర్ విజయాలు అతని కూతురికి అంతఃపురంలో గౌరవం తెచ్చిపెట్టలేదు. ఇది రెండవ నిజం. పదవి రంగును కొంతకాలం మరిపించగలదే గాని, రంగు మీది చిన్నచూపును మాన్పలేదు. పదవి పోయిన మరునాడు అది తిరిగి బయటపడుతుంది. 1948 తరువాత సిద్ది రిసాలాలో జరిగినది అదే.

ఆదవాని జామా మసీదు నేటికీ నిలిచి ఉన్నది. దానిని కట్టించినవాడు హబ్షీ అని అక్కడ నమాజు చేసే పిల్లలకు చెప్పడం, ఏ.సి. గార్డ్స్ అన్న పేరులోని అక్షరాలకు అర్థం హైదరాబాదు బడుల్లో తెలియజేయడం, ‘హబ్షీ’ అన్న మాటను తిట్టుగా వాడటం ఇళ్ళలో మానుకోవడం, సంబంధాలు చూసేటప్పుడు మేనిచాయను గూర్చిన ప్రశ్నను విడిచిపెట్టడం - వీటికి చట్టాలు అవసరం లేదు, ధనమూ అవసరం లేదు. అబూజర్ (రజి) తన తప్పును ఒక్క మాటతో గ్రహించారు. ఆ మందలింపు ఆయన ఒక్కరి కోసమే హదీసులో భద్రపరచబడలేదు.